దువ్వెన తలదాకా రావాలి

(వయోవృద్ధుల సంఘం నెలవారీ సమావేశంలో ఒక ఎముకల డాక్టరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? సరే.

మాట్లాడే ముందు ఒక చిన్న పని చేద్దాం. కూర్చున్నచోటే కుడి చెయ్యి ఎత్తి నడినెత్తిన పెట్టుకోండి. పెట్టారా? ఇప్పుడు అదే చెయ్యి మెడ వెనక్కి, ముడి వేసుకునేటప్పుడు పెట్టినట్టు. తర్వాత దించి నడుం వెనక్కి తీసుకెళ్ళండి. చాలు. ఇప్పుడు ఎడమ చేత్తో అదే పని. మూడో వరసలో అమ్మగారూ, మీరు మధ్యలో ఆగిపోయారు, చూశాను. బలవంతం చెయ్యకండి. చివర్లో మనం విడిగా మాట్లాడుకుందాం.

నోటికి ముద్ద, తలకి దువ్వెన, వీపుకి సబ్బు. ఈ మూడూ సాగుతున్నంతకాలం భుజం అనేది ఒకటుందనే మనకి గుర్తు రాదు. ఈ రోజు నేను చెప్పబోయేది జబ్బ ఎముక పైభాగం విరిగి, ఏదో ఒక వైద్యం జరిగి, ఆ తర్వాత కూడా చెయ్యి సరిగ్గా రానివాళ్ళ గురించి. వాళ్ళలో కొందరికి భుజం కీలు మార్పిడి పనికొస్తుంది. మోకాలి కీలు మార్పిడి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, వీధికొకరు చేయించుకున్నవాళ్ళున్నారు. భుజం కీలు కూడా మార్చొచ్చని మాత్రం చాలామందికి తెలియదు. తెలియక ఏళ్ళకేళ్ళు ఒంటి చేత్తో నెట్టుకొస్తున్నారు. కాలు విరిగితే నడవలేక ఆస్పత్రికి వస్తారు. చెయ్యి రాకపోతే "ఇంకో చెయ్యి ఉందిగా" అని ఇంట్లోనే ఉండిపోతారు.

మా మేనత్త సంగతితో మొదలుపెడతాను. ఆవిడని అడిగే చెబుతున్నాను.

అప్పటికి ఆవిడకి 68 ఏళ్ళు. కార్తీక మాసం. తెల్లవారుజామున తలస్నానం చేసి, తడి కాళ్ళతో తులసికోట దగ్గరికి వెళ్తూ గచ్చు మీద జారిపడ్డారు. కుడి జబ్బ ఎముక పైన నాలుగు ముక్కలైంది. ఆపరేషన్ నేనే చేశాను. ముక్కలన్నీ ఒకచోటికి చేర్చి, ప్లేటు వేసి, స్క్రూలు బిగించాను. మూడు నెలలకి ఎక్స్‌రే తీస్తే ఎముక అతికింది. "అతికిందత్తా, ఇంక భయం లేదు" అని చెప్పి పంపించాను. మళ్ళీ రమ్మనలేదు.

తర్వాత రెండో సంక్రాంతికి వాళ్ళ ఊరు వెళ్ళాను. పొద్దున్నే వీధరుగు మీద కూర్చుని ఆవిడ తల దువ్వుకుంటున్నారు. కుడి మోకాలు పైకి మడిచి, దానిమీద కుడి మోచెయ్యి ఆనించి, ఎడమ చేత్తో ఆ మణికట్టు పట్టుకుని, తలని దువ్వెన దగ్గరికి వంచుతున్నారు. దువ్వెన ఉన్నచోటే ఉంది. తల కదులుతోంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. "ఎన్నాళ్ళనుంచి అత్తా ఇలా?" అంటే "అలవాటైపోయిందిలేరా" అన్నారు. రాత్రిళ్ళు కుడివైపు తిరిగి పడుకుని ఏడాది దాటిందట. నాకెందుకు చెప్పలేదని అడిగాను. "ఎముక అతికిందన్నావుగా నాన్నా, ఇంక నేనేం చెప్పను?" అన్నారు.

మర్నాడే తీసుకొచ్చి ఎక్స్‌రే తీయించాను. విరిగినచోట అతుకు బాగానే ఉంది. కానీ కీలులో ఉండే బంతి గుండ్రంగా లేదు, ఒక పక్కకి కుంగిపోయింది. అది కుంగేసరికి లోపలున్న రెండు స్క్రూల మొనలు కీలులోకి పొడుచుకొచ్చాయి. ఎముక అతకడం వేరు, ఎముక బతకడం వేరు. నేను అతుకు చూసి తృప్తిపడ్డాను.

ఈ తేడా మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే కీలు ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. తుంటి కీలులో బంతి రుబ్బురోట్లో పొత్రం దిగినట్టు లోతుగా దిగి ఉంటుంది. భుజం అలా కాదు. ప్రమిద మీద బత్తాయి పండు పెట్టినట్టు ఉంటుంది. గిన్నె చిన్నది, లోతు లేనిది. బంతి పెద్దది. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే తేలిగ్గా జారుతుంది కూడా. మరి ఆ బత్తాయి పడిపోకుండా పట్టుకుంటున్నదేమిటి? వీపు పైభాగంలో ఉండే రెక్క ఎముక నుంచి వచ్చే నాలుగు కండలు. వాటిని రొటేటర్ కఫ్ అంటాం. వాటి కొసలు వచ్చి బంతి పక్కనున్న రెండు బుడిపెలకి అతుక్కుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పైన భుజానికి గుండ్రటి ఆకారం ఇచ్చే పెద్ద కండ ఉందే, అది డెల్టాయిడ్. బరువు ఎత్తేది అది. బంతిని గిన్నెలో నిలబెట్టేది ఆ నాలుగు కండలు.

న్యూయార్క్‌లో ఛార్లెస్ నీర్ అనే సర్జన్ 1970లో ఈ విరుగుళ్ళని, అంటే ఫ్రాక్చర్లని, ఒక లెక్కలో పెట్టారు. బంతి, పెద్ద బుడిపె, చిన్న బుడిపె, కింది కాండం, మొత్తం నాలుగు భాగాలు. ఏ భాగమైనా ఒక సెంటీమీటరు మించి జరిగినా, 45 డిగ్రీలు మించి ఒరిగినా అది జరిగిన ముక్క కింద లెక్క. ఇప్పటికీ మేం "టూ పార్ట్", "ఫోర్ పార్ట్" అని మాట్లాడుకునేది ఆయన లెక్కే.

బంతికి రక్తం ఆ కండల కొసల పక్కనుంచి, ఎముక మెడ చుట్టూ, అంటే బంతికి కాస్త కిందున్న భాగం చుట్టూ తిరిగే రెండు సన్నటి రక్తనాళాల నుంచి అందుతుంది. ఎముక ముక్కలైనప్పుడు ఆ నాళాలు తెగిపోవచ్చు. తెగినా అతుకు పడొచ్చు. కానీ రక్తం అందని బంతి మెల్లగా చచ్చిపోతుంది. చచ్చిన ఎముక వెంటనే కుంగదు. ఏడాదికి, రెండేళ్ళకి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కుంగుతుంది. అందుకే మూడు నెలల ఎక్స్‌రే చూసి చేతులు దులుపుకోకూడదు. నేను చేసిన పొరపాటు అదే. ఇప్పుడు నా దగ్గర ఎముక నాలుగు ముక్కలై వైద్యం చేయించుకున్నవాళ్ళని కనీసం రెండేళ్ళు చూస్తాను. ఎక్స్‌రే కన్నా ముందు దువ్వెన ఇచ్చి దువ్వుకోమంటాను.

ఇంతా విని భుజం విరిగితే వెంటనే పెద్ద ఆపరేషనే అనుకోకండి. జబ్బ పైభాగం విరుగుళ్ళలో ఎక్కువ భాగం చేతికి జోలె వేసి, నొప్పి తగ్గగానే కదిలించడం మొదలుపెడితే బాగుపడేవే. బ్రిటన్‌లో ముక్కలు పక్కకి జరిగిన 250 మందిని రెండు జట్లు చేసి, సగంమందికి ఆపరేషన్, సగంమందికి జోలె ఇచ్చి చూశారు. ఫలితాలు 2015లో వచ్చాయి. రెండేళ్ళ తర్వాత రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నాలుగు రోజుల కిందట ఎవరో ఒక అబ్బాయి ఫోన్ చేసి, "అమ్మకి జోలె వేసి పంపేశారు సార్, వైద్యం చెయ్యలేదు" అని టెన్షన్ పడుతున్నాడు. ఎక్స్‌రే చూశాను, జోలే సరైన వైద్యం. ఆ మాట చెబితే నమ్మడానికి అతనికి చాలాసేపు పట్టింది.

జోలె వేసుకున్నా, ప్లేటు వేయించుకున్నా, కొందరికి తేడా వస్తుంది. ఆ తేడాలు ఎన్ని రకాలో ఫ్రాన్స్‌లో నీస్ నగరానికి చెందిన పాస్కల్ బ్వాలో, ఆయనతో పనిచేసినవాళ్ళు 2001లో నాలుగుగా విడదీశారు. ఒకటి మీకు చెప్పేశాను, బంతి చచ్చి కుంగిపోవడం. రెండోది, కీలు జారిపోయి అలాగే ఇరుక్కుపోవడం. ఫిట్స్ వచ్చినప్పుడు, కరెంటు షాక్ కొట్టినప్పుడు బంతి వెనక్కి జారుతుంది. ముందునుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేలో అది దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు పక్కనుంచి ఇంకో ఎక్స్‌రే తీశారా అని అడగండి. మూడోది, ఎముక మెడ దగ్గర అసలు అతుకు పడకపోవడం. చెయ్యి ఎత్తబోతే మోచెయ్యి లేస్తుంది, భుజం లేవదు, మధ్యలో ఒక కొత్త కీలు పుట్టినట్టు ఊగుతుంది.

నాలుగోదాని దగ్గర కాసేపు ఆగాలి. బుడిపెలు తప్పుడుచోట అతుక్కోవడం. పెద్ద బుడిపెని దాని కండలు పైకీ వెనక్కీ లాక్కెళ్తాయి. అది అక్కడే అతుక్కుంటే, చెయ్యి ఎత్తిన ప్రతిసారీ పై ఎముకకి వెళ్ళి కొట్టుకుంటుంది. తలుపు కింద రాయి అడ్డంపడ్డట్టు. ఎంత ఎక్సర్‌సైజు చేయించినా ఆ రాయి దాటదు. ఫిజియోథెరపిస్టు తిడుతుంటారు "మీరు సరిగ్గా చెయ్యడం లేదమ్మా" అని. ఆవిడ చేస్తూనే ఉంటుంది, కన్నీళ్ళు పెట్టుకుని మరీ చేస్తుంది. తప్పు ఆవిడది కాదు.

మిరపకోతలకి వెళ్ళే ఒకామె నా దగ్గరికి వచ్చింది. ఆటోలోంచి పడితే పసరు కట్టు కట్టించుకుంది. ఆరు వారాలు చెయ్యి ఒంటికి కట్టేసి ఉంచారు. ఐదో నెలలో నా దగ్గరికి వచ్చేసరికి పెద్ద బుడిపె వెనక్కి వెళ్ళి రాయిలా అతుక్కుంది, భుజం బిగుసుకుపోయింది. ఆమెని నేనేమీ అనలేదు. కట్టు కట్టేవాళ్ళ ఊరు దగ్గర, ఖర్చు తక్కువ, కత్తి భయం లేదు. ఎందుకెళ్ళిందో నాకు తెలుసు. కానీ ఆమె ముందే ఒక్క ఎక్స్‌రే తీయించుకుని ఉంటే మొదటి రెండు వారాల్లో చిన్న పనితో పోయేది. ఆమె వయసు 54. ఆ వయసులో కీలు మార్చడానికి నేను తొందరపడను. ఆమెకి బుడిపె సరిచేసే ఆపరేషన్ చేశాం. కొంత మెరుగైంది, పూర్తిగా కాలేదు.

ఇక మార్పిడి సంగతి. ఇది నిన్న మొన్నటిది కాదు. 1893లో పారిస్‌లో జూల్ పెయాన్ అనే సర్జన్, టీబీతో కుళ్ళిన ఒక రొట్టెల పనివాడి భుజం కీలు తీసేసి, ప్లాటినమ్‌తో, రబ్బరుతో చేసిన కీలు పెట్టాడు. దాన్ని తయారుచేసింది ఒక పళ్ళ డాక్టరు. రెండేళ్ళు పనిచేసింది. తర్వాత ఇన్ఫెక్షన్ వల్ల తీసేయాల్సొచ్చింది. యాంటీబయాటిక్స్ లేని కాలంలో ఆ రెండేళ్ళే గొప్ప. తర్వాత 1950లలో, ఇందాక చెప్పిన ఆ నీర్‌గారే, విరిగి ముక్కలైన బంతి స్థానంలో లోహపు బంతి పెట్టడం మొదలుపెట్టారు. 1955లో ఆ ఫలితాలు ప్రచురించారు. అంటే భుజం మార్పిడి ఇప్పుడున్న రూపంలో మొదలైందే విరిగిన జబ్బల కోసం.

గిన్నెని అలాగే ఉంచి బంతి ఒక్కటే మార్చే ఆ సగం మార్పిడిలో ఒక చిక్కుంది. బంతి మారుస్తాం బాగానే ఉంది, బుడిపెల్ని దాని చుట్టూ దారాలతో కట్టి అతికించాలి. అవి అతుక్కుంటే చెయ్యి లేస్తుంది. ముసలి ఎముకలో చాలాసార్లు అవి అతుక్కోవు, కరిగిపోతాయి. అప్పుడు నొప్పి తగ్గుతుంది గానీ చెయ్యి పైకి రాదు.

ఎందుకు రాదు? మీలో చాలామంది ఏతం చూసినవాళ్ళే. ఏతం దూలాన్ని ఎంత బలంగా తొక్కినా, మధ్యలో రాట గట్టిగా నిలబడి ఉంటేనే బాన పైకొస్తుంది. రాట కదిలిపోతే దూలం అటూ ఇటూ జారుతుంది, నీళ్ళు రావు. భుజంలో దూలాన్ని లాగేది డెల్టాయిడ్. రాటని నిలబెట్టేది ఆ నాలుగు కండలు. బుడిపెలు పోతే కండల పట్టు పోయినట్టే. డెల్టాయిడ్ లాగితే బంతి పైకి జారి, పై ఎముకకి గుద్దుకుంటుంది. చెయ్యి మాత్రం లేవదు.

దీనికి దారి చూపింది ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో పాల్ గ్రామోన్. 1985లో ఆయన కీలునే తిరగేశారు. గిన్నె ఉన్నచోట బంతి బిగించారు, బంతి ఉన్నచోట గిన్నె పెట్టారు. వినడానికి వింతగా ఉంటుంది. కానీ దానివల్ల రాట ఎముకలోనే పాతుకున్నట్టవుతుంది, జారడానికి వీలుండదు. పైగా తిరిగే బిందువు లోపలికి, కిందికి జరుగుతుంది. డెల్టాయిడ్ సాగి బిగువుగా ఉంటుంది, దాని లాగుడికి పట్టు పెరుగుతుంది. నాలుగు కండలు పోయినా ఆ ఒక్క కండతోనే చెయ్యి లేస్తుంది. దీన్నే రివర్స్ భుజం అంటున్నాం. అమెరికాలో దీనికి 2003లో అనుమతి వచ్చింది. నా చదువు పూర్తయ్యేనాటికి మన దగ్గర దీని గురించి పుస్తకాల్లో చదవడమే, చేతిలో పట్టుకుని చూసింది లేదు.

నార్వేలో 65 నుంచి 85 ఏళ్ళ మధ్య వయసున్న 124 మందికి, బాగా జరిగిపోయిన విరుగుళ్ళకి, సగంమందికి ప్లేటు, సగంమందికి రివర్స్ భుజం వేసి చూశారు. 2020లో వచ్చిన ఫలితాల్లో రెండేళ్ళకి రివర్స్ వేసినవాళ్ళ చెయ్యే బాగా పనిచేసింది. అది తాజాగా విరిగినవాళ్ళ లెక్క. అదే లెక్క పాతబడ్డ భుజానికి వర్తిస్తుందని మాత్రం అనుకోకండి. ముందు వైద్యం విఫలమయ్యాక చేసే మార్పిడి చాలా కష్టమైన పని. లోపల అంతా మచ్చలు కట్టి ఉంటుంది. పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, నరం ఎక్కడుందో వెతుక్కోవాలి. పాత స్క్రూలు కొన్ని ఊడిరావు. ఎముక పలచబడి ఉంటుంది. ఫలితం కూడా తాజాగా విరిగినప్పుడు చేసినంత బాగా రాకపోవచ్చు, ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ. ఇది ముందే చెప్పని డాక్టరు దగ్గర మీరు మళ్ళీ అడగండి.

ఆపరేషన్‌కి ముందు మూడు విషయాలు తేలాలి. మొదటిది ఇన్ఫెక్షన్. భుజం, చంక చుట్టూ చర్మంలోని నూనె గ్రంథుల్లో క్యూటిబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి కాపురముంటుంది. మొదటి ఆపరేషన్‌లో అది లోపలికి చేరితే జ్వరం ఉండదు, చీము కారదు, రక్తపరీక్షలు కూడా మామూలుగానే ఉండొచ్చు. నొప్పి మాత్రం తగ్గదు. ప్లేటు వేశాక నొప్పి నెలల తరబడి తగ్గకపోతే నేను ముందు దీన్నే అనుమానిస్తాను. కీలులోంచి తీసిన నీరు, ముక్కలు ల్యాబ్‌లో రెండు వారాలు పెంచి చూడాలి. మూడు నాలుగు రోజులకే "ఏమీ లేదు" అని రిపోర్టు ఇస్తే అది సరిపోదు. ఇన్ఫెక్షన్ ఉంటే ముందు పాత సామాను తీసి, శుభ్రం చేసి, మందులు వాడి, తర్వాతే కొత్త కీలు.

రెండోది నరం. డెల్టాయిడ్‌కి ప్రాణం పోసే ఆగ్జిలరీ నరం సరిగ్గా విరిగేచోటే ఎముకని చుట్టుకుని వెళ్తుంది. విరిగినప్పుడు అది దెబ్బతినొచ్చు. చాలావరకు దానంతటదే కోలుకుంటుంది. కోలుకోకపోతే, డెల్టాయిడ్ చచ్చుబడి ఉంటే, రివర్స్ కీలు వేసి లాభం లేదు. దూలం లాగేవాడే లేడు కదా.

మూడోది ఎముక ఎంత మిగిలిందనేది. దానికి సీటీ స్కాన్. గిన్నె అరిగిపోయి ఉంటే బంతి దేనికి బిగిస్తాం?

ఇంకొకటి చెప్పాలి, ఇది నాకు ముఖ్యం. నొప్పి లేకుండా, తన పనులు తను చేసుకోగలుగుతున్న మనిషికి, ఎక్స్‌రే ఎంత వికారంగా ఉన్నా ఆపరేషన్ అక్కర్లేదు. వైద్యం మనిషికి, ఫిల్ముకి కాదు.

అత్తకి రెండో ఆపరేషన్ నేను చెయ్యలేదు. నాకు పని నేర్పిన సీనియర్ గారు చేశారు, నేను ఎదురుగా నిలబడి సాయం పట్టాను. ప్లేటు బయటికి వచ్చింది. కీలు తెరిచి బంతి బయటికి తీశారు. మెరిసే తెల్లటి పొర ఉడికిన గుడ్డు పెంకులా ఊడొచ్చింది. కింద ఎముక పసుపుపచ్చగా, పొడిగా, వేలితో నొక్కితే మరమరాల ఉండలా రాలింది. బతికున్న ఎముకని డ్రిల్ చేస్తే రక్తం ఊరుతుంది. దీనికి ఒక్క చుక్క రాలేదు. గిన్నె మీద రెండు గీతలు, స్క్రూ మొనలు గీసినవి, ఇత్తడి చెంబుని ఇసకతో తోమితే పడే గీతల్లా ఉన్నాయి. ఏడాదిపాటు ఆవిడ చెయ్యి కదిపిన ప్రతిసారీ ఆ మొనలు అక్కడ గీశాయి. ఆవిడ "అలవాటైపోయిందిలే" అన్నది దానికి. ఆ మొనలు బిగించిన చెయ్యి నాది. మాస్కు వెనక నా ముఖం ఎవరికీ కనపడలేదు గానీ, ఆ రోజు చాలాసేపు నేను మాట్లాడలేకపోయాను.

ఆపరేషన్ తర్వాత విషయానికొస్తే, భుజానికి మత్తు సూది వేస్తారు కాబట్టి మర్నాటిదాకా చెయ్యి చెక్కలా ఉంటుంది. కంగారుపడొద్దు. నాలుగు నుంచి ఆరు వారాలు జోలె. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి మాత్రం మొదటి రోజు నుంచీ కదపాలి. తర్వాత ముందుకి వంగి చేతిని గడియారం లోలకంలా ఊపడం, ఆపైన ఎవరైనా పట్టుకుని ఎత్తడం, చివరికి సొంతంగా. బరువుల ఎక్సర్‌సైజులు మూడో నెల తర్వాతే.

మన ఇళ్ళలో ఉండే ఇబ్బందులు విదేశీ పుస్తకాల్లో ఉండవు. కింద కూర్చుని లేచేటప్పుడు చెయ్యి నేలకి ఆనించి లేస్తాం. కొత్త కీలు జారడానికి అంతకన్నా మంచి దారి లేదు. మొదటి మూడు నెలలూ కుర్చీయే, లేచేటప్పుడు ఆ చేత్తో కుర్చీ చెయ్యి కూడా నొక్కొద్దు. జాకెట్టు వెనక హుక్కులున్నవాళ్ళు ముందు హుక్కులకి మారండి. ఇంకోటి, ఎవరూ పైకి అడగరు కాబట్టి నేనే చెబుతాను. ఎడమ భుజం మార్చుకున్నవాళ్ళకి దొడ్డికి వెళ్ళాక కడుక్కోవడం కష్టమవుతుంది, ఎందుకంటే రివర్స్ కీలు చేతిని వెనక్కి అంతగా వెళ్ళనివ్వదు. ఆపరేషన్‌కి ముందే పాశ్చాత్య పద్ధతి సీటు, నీళ్ళ జెట్టు పెట్టించుకోండి. ముందే తెలిస్తే సిగ్గుపడాల్సిన అవసరం రాదు. నా దగ్గర ఒక పెద్దాయన ఈ ఒక్క కారణానికి నెలరోజులు సరిగ్గా అన్నం తినలేదు. వాళ్ళ కోడలు చెబితేగానీ నాకు తెలియలేదు.

ఏమాత్రం వస్తుంది అని అడుగుతారు. నొప్పి తగ్గడం, ముఖ్యంగా రాత్రి నొప్పి తగ్గడం చాలామందికి ఖాయంగా ఉంటుంది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవడం చాలామందికి వస్తుంది. వెనక్కి తిరగడం తక్కువ. నీళ్ళ బిందె, గ్యాస్ బండ ఆ చేత్తో ఎత్తకూడదు. ఆరు నెలల నుంచి ఏడాది ఓపిక పట్టాలి. ఇన్ఫెక్షన్, కీలు జారడం, భుజం పైనున్న ఎముక మీద ఒత్తిడి పడి చిట్లడం, ఇవి రాకూడదు గానీ వచ్చే అవకాశం ఉంది.

ఇంతకన్నా ముందుది ఒకటుంది. నిలబడ్డ ఎత్తు నుంచి జారిపడితేనే జబ్బ విరిగిందంటే మీ ఎముకలు బోలుపడ్డాయని అర్థం. భుజం అతికించి ఆ జబ్బుని వదిలేస్తే తర్వాత వంతు తుంటిది. ఎముకల గట్టితనం కొలిచే డెక్సా స్కాన్, విటమిన్ డి, కాల్షియం, అవసరమైతే వారానికో మాత్రో, ఏడాదికో ఇంజెక్షనో. అత్తకి మొదటిసారి నేను అదీ చూడలేదు.

ఇంక మీరు అడగండి.

(సభలోంచి ఒకరు: నాకు ప్లేటు వేసి నాలుగేళ్ళయింది డాక్టర్‌గారూ. చెయ్యి ఇంతవరకే లేస్తోంది. ఇప్పుడు ఆలస్యమైపోయిందా?)

ఆలస్యమేం కాలేదండీ. నొప్పి ఉందా? ఉంది. రాత్రి? సరే. పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు ఉన్నాయా? అందులో ప్లేటు తాలూకు స్టిక్కర్లు అంటించి ఉంటాయి, అవి చాలా విలువైనవి. ఏ కంపెనీ ప్లేటో తెలిస్తే దాని స్క్రూలు తీసే సామాను ముందే తెప్పించుకోవచ్చు. అందరూ వినండి, ఆ కాగితాలు పాత పేపర్లతో కలిపి అమ్మేయకండి.

(మరొకరు: పెట్టిన కీలు ఎన్నేళ్ళు వస్తుంది?)

రివర్స్ కీళ్ళలో పదేళ్ళ తర్వాత కూడా పదింటికి తొమ్మిది దాకా మార్చాల్సిన అవసరం లేకుండా నడుస్తున్నాయి. విరిగిన ఎముకకి చేసిన వైద్యం వికటించాక వేసినవాటికి ఆ లెక్క కొంచెం తగ్గుతుంది. అందుకే 50ల్లో ఉన్నవాళ్ళకి వీలైనంతవరకు వేరే దారి చూస్తాం.

(ఇంకొకరు: మీ మేనత్తగారు ఇప్పుడెలా ఉన్నారు?)

బాగున్నారమ్మా. కుడివైపు తిరిగి పడుకుంటున్నారు. ముద్ద కుడి చేత్తోనే తింటున్నారు. తలెత్తి కూర్చుని దువ్వుకుంటారు. ముడి మాత్రం వేసుకోలేరు, చెయ్యి మెడ వెనక్కి అంతదూరం వెళ్ళదు. రోజూ స్కూలుకి వెళ్ళే ముందు మనవరాలు వచ్చి పిన్నులు పెట్టి వెళ్తుంది.

ఎక్స్‌రేలు తెచ్చుకున్నవాళ్ళు పక్క గదిలోకి రండి, అక్కడ చూసే లైటు పెట్టించాను. మూడో వరసలో అమ్మగారూ, ముందు మీరు రండి.